హనుమవ్వ బాగు చేసిన రాయి

బీదర్ పాత బస్తీలో ఇసుర్రాయిని ఇంకా పారెయ్యని ఇళ్ళు కొన్ని ఉన్నాయి. తిరగలి అని పుస్తకాల్లో రాస్తారు, మాకు మాత్రం ఇసుర్రాయే. అట్లాంటి ఇంటికి వెళ్తే నేను మొదట చేసే పని పై రాయి ఎత్తి అడుగు చూడటం. మర్యాద కాదని తెలుసు. అయినా చూస్తాను. ఉలితో కొట్టిన గంట్లు నడిమి నుంచి అంచుకు వంపుగా, ఒకదాన్నొకటి తాకకుండా సాగి ఉంటే అది మా హనుమవ్వ చెయ్యి. ఆ మాట చెప్పగానే ఇంటివాళ్ళు "అట్లనా!" అని కూర్చోబెట్టి చాయ్ ఇస్తారు. ఆమె పేరు చెప్పుకుని నేను చాలా చాయ్‌లు తాగాను.

హనుమవ్వ వాళ్ళు రాళ్ళు కొట్టుకుని బతికేవాళ్ళు. మగవాళ్ళు బావులు తవ్వుతారు, రోడ్లకు కంకర కొడతారు. ఆడవాళ్ళు ఉలి, సుత్తె పట్టుకుని వీధుల్లో తిరుగుతారు. ఇసరగా ఇసరగా రాయికున్న గంట్లు అరిగిపోతాయి. అరిగిన రాయిలో జొన్నలు పోస్తే పిండి కాదు, నలుగుతాయి అంతే. అప్పుడు ఆ ఇంటామె అరుగు మీద నిలబడి వీళ్ళ కేక కోసం ఎదురుచూస్తుంది. "ఇసుర్రాళ్ళకు గంట్లమ్మా, గంట్లూ" అని హనుమవ్వ సందు మొదట్లో అరిస్తే సందు చివర నిద్రపోతున్న పిల్లలు లేచి కూర్చునేవాళ్ళు. తల్లులు తిట్టేవాళ్ళు. ఆమె అంతకన్నా గట్టిగా నవ్వేది.

ఆమె పుట్టింది హుమ్నాబాద్ రోడ్డు పని దగ్గర, బండి కింద. పెరిగింది ఎక్కడ పని ఉంటే అక్కడ. "ఏ ఊరక్కా మీది?" అని నేను అడిగితే, "రాయి ఏడుంటె గదే మా ఊరు" అని ఉలితో గాలిలో చూపించేది. ఎడమ కనుబొమ మీద రాతి పెచ్చు ఎగిరి తగిలిన మచ్చ. దాని వల్ల ఎప్పుడూ ఏదో అడుగుతున్నట్టు కనిపించేది. నిజంగానే ఎప్పుడూ ఏదో ఒకటి అడిగేది కూడా.

ఇక నా సంగతి. నా పేరు రిబ్కా. మాది బీదర్ పక్కన చిద్రి. మెట్రిక్ పాసై, టీచరు ఉద్యోగం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ ఇంట్లో అందరి మీదా ఎగిరిపడుతుంటే, మా నాయన విసిగిపోయి తీసుకెళ్ళి తవ్వకం పనిలో పెట్టాడు. పెంకులు కడగటం నా పని. కుండపెంకులు కడగటానికి మెట్రిక్ ఎందుకని రోజూ గొణిగేదాన్ని. రోజూ అందరికంటే ముందు పోయేదాన్ని కూడా, అది వేరే సంగతి.

మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక అయిన కొత్తలు అవి. పేరు మారింది గానీ ఆఫీసుల మీద బోర్డులు ఇంకా మారలేదు. కోటకు పోయే తోవలో కూలిన పాత హవేలి ఒకటి ఉండేది. సుల్తానుల కాలంలో ఎవరో సర్దారు ఇల్లని పేరు. ఆ సర్దారు పేరు మటుకు ఎవరికీ గుర్తులేదు. సర్కారు అక్కడ తవ్వకం మొదలుపెట్టగానే ఊరంతా బంగారం బయటపడుతుందని కాచుకుని కూర్చుంది. పడ్డవేమో కుండపెంకులు, గాజుముక్కలు, మూతి పగిలిన చెంబు, ప్రమిదలు, హుక్కా చిలుం, కాలు విరిగిన మట్టి గుర్రం. "కొండను తవ్వి ఎలుకను పట్టిండ్రు" అని ఒక ముసలాయన రోజూ వచ్చి నవ్వి వెళ్ళేవాడు.

మా బాబురావు సారుకు ఆ ఎలుకే కావాలి. తవ్వకం ఆఫీసరు ఆయన. సన్నగా ఉండేవాడు, పెళ్ళి కాలేదు. ఇంట్లో మరాఠీ, చదివింది కన్నడ, బజార్లో దక్నీ ఉర్దూ, మా దగ్గర నేర్చింది తెలుగు. నాలుగు భాషల్లోనూ ధైర్యంగా తప్పులు మాట్లాడేవాడు. "నవాబులు ఏం కట్టిండ్రో గోడలు చెప్తయ్. వాళ్ళింట్ల ఆడోళ్ళు ఏం వండుకుండ్రో ఎవరు చెప్పాలె?" అని ప్రమిదను రెండు చేతులతో పట్టుకుని అడిగేవాడు. మాకు నవ్వొచ్చేది. కొన్నాళ్ళకు మాకే ఆ పిచ్చి పట్టింది. చిన్న గాజుముక్క దొరికినా, వేసుకున్న పిల్ల ఎర్రగా ఉండేదా నల్లగా ఉండేదా అని పోట్లాడుకునేవాళ్ళం.

హనుమవ్వ ఈ పనికి తన మనుషుల గుంపుతో వచ్చింది. పెద్ద రాళ్ళు తొలగించే పని అయిపోయాక గుంపు కారంజా నది కట్ట పనికి వెళ్ళింది. ఆమె మొగుడు ఈరప్ప కూడా వెళ్ళాడు. ఆమె మాత్రం ఉండిపోయింది. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు కడుపు నిలిచింది. హవేలి తలవాకిట్లో పైకప్పు కూలని గది ఒకటే మిగిలితే, బాబురావు సారు దాన్ని ఆమెకు ఇచ్చాడు. పగలు మాతో మట్టి జల్లెడ పట్టేది, రాత్రి కావలి ఉండేది. ఉగాది దాటినంక వచ్చి తీస్కపోత అని ఈరప్ప చెప్పి వెళ్ళాడు. గుంపు ఆ తర్వాత లాతూరు దిక్కు బావులు తవ్వబోతుందట.

"నేను పోను రిబ్కమ్మా" అనేది నాతో. "నేను బండి కింద పుట్టిన. నా పిల్ల కప్పు కింద పుట్టాలె. సారు పని నిలబెడితె గీ అర్ర నాకే ఉంటది. ఉంటదంటవా?"

ఉంటదో లేదో బాబురావు సారుకే తెలియదు. వానలు పోయాక మళ్ళీ తవ్వాలా వద్దా అన్నది బెంగళూరు నుంచి వచ్చే పెద్ద సారు చూసి చెప్పాలి. ఆయన మెచ్చితే తవ్వకం ఉంటుంది, కావలి ఉంటుంది, హనుమవ్వకు గది ఉంటుంది. మెచ్చకపోతే అందరం ఇళ్ళకు పోతాం. హనుమవ్వకు పోవడానికి ఇల్లు కూడా లేదు.

పెద్ద సారు వచ్చే ముందు రోజు వంటసాల మూల తవ్వుతుంటే హనుమవ్వ గొంతు లేచింది. బావిలో ఎవరో పడ్డారనుకుని ఉరికాం. చూస్తే ఇసుర్రాయి. పై రాయీ కింది రాయీ రెండూ జంటగా, పగలకుండా. బాబురావు సారు ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తదిగా పరిగెత్తుకొచ్చాడు. మెల్లగా పై రాయి ఎత్తి అడుగు చూశాడు. పూరీపీట మాదిరి నున్నగా అరిగి ఉంది. ఒక పక్క మందం, ఒక పక్క పల్చన. ఆయన నా చెయ్యి లాగి దాని మీద పెట్టాడు. "చూడు రిబ్కా! ఎన్ని తరాల ఆడోళ్ళు కూసున్నరో గిక్కడ!" అన్నాడు. కళ్ళు తడిశాయి. నాకూ ఒళ్ళు పులకరించింది, అబద్ధమెందుకు.

రాళ్ళను, దొరికిన సామాను దాచే గుడిసెలోకి చేర్పించి, పెద్ద సారు బస కోసం ఏర్పాట్లు చూడటానికి ఆయన సైకిలెక్కాడు. ఎక్కి, వెనక్కి తిరిగి, తన తెలుగంతా కూడదీసుకుని చెప్పాడు. "హనుమవ్వా! రేపు పెద్ద సారు వస్తుండు. రాయి మంచిగ బాగు చేసి పెట్టు!"

మట్టి దులిపి తుడిచి పెట్టమని ఆయన ఉద్దేశం. సాఫ్ చెయ్యి అని ఉంటే బతికిపోయేవాళ్ళం. ఈ బీదర్ మొత్తంలో రాళ్ళు కొట్టేవాళ్ళతో "ఇసుర్రాయి బాగు చెయ్యి" అంటే దానికి ఒకటే అర్థం.

నేను హవేలి వెనక బావి దగ్గర పెంకులు కడుగుతున్నాను. టక్ టక్ మని వినిపిస్తూనే ఉంది. రాళ్ళ పనిలో టక్ టక్ వినపడక సితార వినపడుతుందా అని నా పని నేను చేసుకున్నాను. సాయంత్రం బాబురావు సారు, నేను ఒకేసారి గుడిసెలోకి అడుగు పెట్టాం. పై రాయి హనుమవ్వ కాళ్ళ మధ్య వెల్లకిలా పడుకుని ఉంది. దాని మీద కొత్త గంట్లు, నడిమి నుంచి అంచుకు వంపుగా, ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. ఆమె చీర నిండా రాతిపొడి. ముఖం నిండా సంతోషం.

"పైది అయింది సారూ. కిందిది పొద్దుగూకేలోపల చేస్త" అంది.

బాబురావు సారు అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. మొదట మరాఠీలో ఏదో అన్నాడు, తర్వాత కన్నడలో దేవుణ్ణి పిలిచాడు. చివరికి తెలుగులోకి వచ్చాడు. "ఏం జేసినవమ్మా!"

"మీరే బాగు జేయమంటిరి గద సారూ."

"ఆ అరుగుడే గదమ్మా మనకు కావాల్సింది! అదే చూపియ్యాలె!"

హనుమవ్వకు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు. "అరిగిన రాయి సుట్టాలకు చూపిస్తరా సారూ? ఆ ఇంటామెకు నామోషి గాదూ? ఎన్నడో పోయిన మనిషి. ఆమె పరువు మనం కాపాడాల్నా వద్దా?" అని అడిగింది.

బాబురావు సారు తల పట్టుకున్నాడు. ఆయన ముఖం చూశాక హనుమవ్వ ఉలి కింద పెట్టింది. లేచి నిలబడి, "ఇప్పుడేమైతది? పని పోతదా?" అంది. నేను "ఏం గాదక్కా" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు. అంతలోనే ఆమెకు ఉపాయం తట్టింది. "గంట్లు అరగాలె, గంతేగా? రెండు రాళ్ళు కలిపి తెల్లారేదాక ఇసురుత!" అని కింది రాయి వైపు కదిలింది. బాబురావు సారు ఒక్క ఉదుటున పోయి ఆ కింది రాయిని కావలించుకుని పడుకున్నాడు. "దీన్ని ముట్టుకోవద్దు! నీకు దండం పెడ్త!" అన్నాడు. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది. నవ్వితే చంపేస్తారని బయటికి పోయి నవ్వుకున్నాను.

మర్నాడు పొద్దున పెద్ద సారు వచ్చాడు. తెల్ల జుట్టు, చేతికర్ర, మైసూరు వైపు కన్నడ. తెలుగు ముక్క రాదు. ప్రమిదలు చూశాడు, మట్టి గుర్రాన్ని అరచేతిలో పెట్టుకుని మురిశాడు. ఇసుర్రాయి దగ్గరికి వచ్చి పై రాయి తిరగేయించాడు. బాబురావు సారు వెనక్కి జరిగి నా పక్కన నిలబడ్డాడు.

"యారు మాడిద్దు ఇదు?" అన్నాడు పెద్ద సారు. ఇది ఎవరు చేశారని.

హనుమవ్వ ముందుకొచ్చింది. "నేనే సారూ. బాగు చేయమంటె గంట్లు పెట్టిన" అంది. బాబురావు సారు నన్ను కన్నడలో చెప్పమని సైగ చేశాడు. నేను చెప్పాను. పనిలో రాయి కాస్త గీసుకుపోయిందని చెప్పాను. అది అబద్ధం కాదు, కాస్త తక్కువ చేసి చెప్పడం. పాత బస్తీ కన్నడ ఇళ్ళలో అన్నేళ్ళు గంట్లు పెట్టిన మనిషికి కన్నడ రాదా? హనుమవ్వ నా మీద విరుచుకుపడింది.

"గీసుకపోయిందా? గీ గంట్లు గీతలా? కండ్లున్నయా నీకు? పొద్దంత కూసోని కొట్టిన!" అని నన్ను తోసేసి, తన కన్నడలోనే మొదటి నుంచి చివరి దాకా చెప్పేసింది. బాగు చేయమన్న మాట, అరిగిన రాయి నామోషి, తెల్లారేదాక ఇసురుతానన్న సంగతి, సారు రాయిని కావలించుకున్న సంగతి. ఏదీ దాచలేదు. ఎట్లా కావలించుకున్నాడో చేతులు చాచి కూడా చూపించింది. బాబురావు సారు చెవులు ఎర్రబడ్డాయి.

పెద్ద సారు నవ్వలేదు. వంగి, ఆ గంట్ల వెంట వేలు పోనిచ్చాడు, నడిమి నుంచి అంచు దాకా. "మీ ఇంటి ఇసుర్రాయికి కూడా ఇట్లాగే పెట్టుకున్నావా?" అని కన్నడలో అడిగాడు.

"మా ఇంట్ల రాయి లేదు సారూ" అంది హనుమవ్వ. "తిరిగేటోళ్ళం. గంత బరువు బండి మీద ఎవరు మోస్తరు? పిండి అడుక్కొని తెచ్చుకుంటం. నాకు ఇల్లే లేదు, రాయేడికెల్లి ఒస్తది?"

అంతకు ముందు అన్ని నెలలు ఆమె పక్కన కూర్చుని అన్నం తిన్నాను. ఊరందరి రాళ్ళకు గంట్లు పెట్టే మనిషికి సొంత రాయి లేదన్న సంగతి ఆ రోజే తెలిసింది నాకు. అడగాలని తోచలేదు.

పెద్ద సారు బాబురావు సారు వైపు తిరిగి చెప్పాడు. కింది రాయి మ్యూజియానికి పోతుంది. పై రాయి ఇక మ్యూజియంలో పెట్టడానికి లేదు, కొత్త గంట్లు పడ్డాయి. అది ఇక్కడే ఉండాలి, కావలి మనిషి దగ్గర. వానలు పోయాక తవ్వకం సాగాలి. వంటసాల ఇంకా చాలా ఉంది. బాబురావు సారు "కావలి మనిషి అంటే?" అని అడిగాడు, సంతోషంలో తెలివి తప్పి. పెద్ద సారు కర్రతో హనుమవ్వను చూపించాడు.

ఆ రోజు హనుమవ్వ చేసిన గోల చెప్పనలవి కాదు. ముందు ఏడ్చింది, ఆ తర్వాత నవ్వింది. నా జడ పట్టి లాగి, "గీసుకపోయిందంట!" అని మళ్ళీ తిట్టింది. తర్వాత నన్ను కావలించుకుంది. సర్కారు సొత్తు సర్కారుదే, కానీ సర్కారు జొన్నలు ఇసరదు కదా అని బాబురావు సారు ఆ రాయి వైపు చూడనట్టు నడుచుకున్నాడు.

పై రాయి ఒక్కటి ఉంటే ఆమె ఏం చేసుకుంటుంది? కింది రాయి కావాలి. బీదర్ ఎర్రరాయి గోడకు పనికొస్తుంది, పిండికి పనికిరాదు. నల్లరాయి ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. ఒక బండివాణ్ణి పట్టుకుని తెప్పించింది. రోజూ పని అయిపోయాక, పొట్ట పక్కకు పెట్టుకుని ఒక వైపుకు ఒరిగి కూర్చుని కొట్టేది. "ఆయాసమొస్తాంది గదక్కా, ఆపరాదూ" అని నేనంటే, "లోపలున్నది వింటాంది. పనేందో తెల్వాలె గదా దానికి" అనేది. ఆ వందల ఏళ్ళ పై రాయి పక్కన పెట్టుకుని, దాని చుట్టుకొలతకు సరిగ్గా కొత్త కింది రాయిని చెక్కింది. గది మూల గుంత తవ్వి, ఎర్రమట్టి పిసికి, కింది రాయిని నేలలో పాతేసింది. ఇంక దాన్ని కదిలించడమంటే నేల తవ్వడమే.

తవ్వకం ఆడవాళ్ళం అందరం వెళ్ళాం. రాయికి పసుపు పూసి, బొట్టు పెట్టారు. మేము కిరస్తానీలం, నేను బొట్టు పెట్టలేదు గానీ జొన్నలు నేనే తెచ్చాను, మా అమ్మ ఇచ్చినవి. కొత్త గంట్ల రాయిలో మొదటి వాయిలో రాతిపొడి వస్తుందని ఆవుకు వేశాం. రెండో వాయి తెల్లగా పడింది. ఎదురెదురు కూర్చుని ఇద్దరిద్దరం ఇసిరాం. పాటలు పాడే గొంతులు పాడాయి, నా గొంతు కూడా పాడింది, ఎవరూ ఆపమనలేదు. జొన్నరొట్టె, పుంటికూర, ఎల్లిపాయ కారం. అంత మంచి రొట్టె నేను పెళ్ళిళ్ళలో కూడా తినలేదు.

ఉగాది పోయిన వారంలో ఈరప్ప వచ్చాడు. కారంజా ఎండకు నల్లబడి, ఒళ్ళు గట్టిపడి. బయట బండి మీద గుంపు పెద్ద దుర్గప్ప, సామాను, పిల్లా మేకా. నేను అప్పుడు గదిలోనే ఉన్నాను. లేచి పోదామంటే హనుమవ్వ నా కొంగు మీద కూర్చుని ఉంది. కావాలనే కూర్చుందని నా అనుమానం.

"సామాను సర్దు. చీకటి పడేలోపల భాల్కి దాటాలె" అన్నాడు ఈరప్ప, గడప అవతలే నిలబడి. తర్వాత పెళ్ళాం పొట్ట చూసి గొంతు తగ్గించాడు. "మంచిగున్నవా?"

"మంచిగనే ఉన్న మామా. లోపలికి రా."

లోపలికి వచ్చాడు. వాడి కన్ను దానంతట అదే మూలకు పోయింది. రాళ్ళ పని చేసేవాడి కన్ను కదా. వంగి పై రాయి కొంచెం ఎత్తి, రెండు రాళ్ళ మధ్య గోరు పెట్టి చూశాడు. కింది రాయి అంచు తడిమాడు. మట్టిలో ఎంత లోతు దిగిందో వేళ్ళతో కొలిచాడు.

"మస్తు కుదిరింది. ఎవరు కొట్టిండ్రు?"

"నేనే."

"ఎవరి కోసం?" అన్నాడు. అలవాటుగా వచ్చిన మాట అది. వాళ్ళు పుట్టినప్పటి నుంచి కొట్టిన ప్రతి రాయీ ఎవరో ఒకరి ఇంటిది.

హనుమవ్వ గొంతులో ఆ పెద్ద కేక ఎక్కడికి పోయిందో గానీ, చిన్నగా, "మన కోసమే" అంది.

ఈరప్ప లేవలేదు. అట్లాగే గొంతుకూర్చుని రాయి వైపు, కప్పు వైపు, ఆమె వైపు చూశాడు. బయట దుర్గప్ప ఎద్దులను అదిలిస్తూ, "ఏందిరా ఈరప్పా, పొద్దు పోతాంది!" అని అరిచాడు. నా కొంగు హనుమవ్వ కింద నలుగుతోంది. ఆమె చేటలోంచి గుప్పెడు జొన్నలు తీసి పై రాయి నడిమి బెజ్జంలో, అదే రాయి కంట్లో, పోసింది. సగం కింద పడ్డాయి.

ఈరప్ప కింద పడ్డ గింజలు ఒక్కొక్కటే ఏరాడు. ఏరి రాయి కంట్లో వేశాడు. తర్వాత సర్దుకుని ఆమెకు ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కట్టె పిడి పట్టుకున్నాడు. మగవాళ్ళు ముట్టే పని కాదది. రాయి కదిలింది. అంచు చుట్టూ తెల్లగా పిండి రాలడం మొదలైంది. వాడు తల తిప్పకుండానే వాకిలి వైపు గట్టిగా కేక వేశాడు.

"దుర్గప్ప మామా, ఎడ్లు ఇడువు! అందరు లోపలికి రాండ్రి. మా ఇంట్ల రొట్టె తిని పోదురు!"